7294 బోర్డా, 3116 బోర్డా: కోఠీకి బయల్దేరే ముందు

“అన్నా, గుజరాతీ గల్లీలో ఉన్నా. 7294 తీసుకోనా, 3116 తీసుకోనా? తొందరగా చెప్పు, బండి రోడ్డు మీదే పెట్టిన.”

ఈ రెండు నెలల్లో ఇలాంటి ఫోన్లు నాలుగు వచ్చాయి. గుజరాతీ గల్లీ అంటే హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే వీధి. 7294, 3116 అంటే ఇంట్లో పాటలకి చేత్తో కట్టుకునే యాంప్లిఫయర్‌లో వాడే రెండు చిప్‌ల నంబర్లు. నలుగురికీ నోటికొచ్చినట్టు ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. అందులో ఇద్దరు తర్వాత కాలిన బోర్డులు కవర్లో వేసుకుని ఇంటికే వచ్చారు. తప్పు సగం నాదే. అందుకని ఈసారి తీరిగ్గా రాస్తున్నాను. టంకం వేయడం, మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చినవాళ్లకే ఇది.

ముందు వాట్ల గొడవ తేల్చేద్దాం. టీడీఏ7294కి ప్లస్, మైనస్ 35 వోల్టులు ఇస్తే 8 ఓమ్‌ల స్పీకర్ మీద 70 వాట్లు ఇస్తుంది. టీపీఏ3116కి 21 వోల్టులు ఇస్తే 4 ఓమ్‌ల మీద ఒక్కో ఛానల్‌కి 50 వాట్లు. ఆ 50 కూడా డిస్టార్షన్, అంటే శబ్దం చెడిపోవడం, 10 శాతానికి చేరాక వచ్చే లెక్క. అయితే ఏంటి? వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. ఇంట్లో హాల్లో మామూలుగా వినేటప్పుడు రెండు మూడు వాట్లు దాటడమే అరుదు. పక్క ఫ్లాటువాళ్లు తలుపు కొట్టేదాకా పెంచినా రెండు బోర్డుల్లోనూ ఇంకా మిగులుతుంది. వినికిడి విషయానికొస్తే, మా ఇంట్లో ఒకే స్పీకర్లకు రెండూ మార్చి మార్చి పెట్టి చూశాను. తేడా ఉందని ప్రమాణం చేసి చెప్పలేను. స్పీకర్లు మార్చినప్పుడు మాత్రం గది అవతల నుంచే తెలిసిపోయింది.

ఖర్చులో 3116దే పైచేయి, అనుమానమే లేదు. ఇంట్లో మూలపడిన లాప్‌టాప్ ఛార్జర్ 19 వోల్టులది ఒకటి ఉంటే చాలు, సప్లై పని అయిపోయినట్టే. 7294కి సెంటర్ ట్యాప్ ట్రాన్స్‌ఫార్మర్ (మధ్యలో నుంచి కూడా ఒక వైరు వచ్చేది) కావాలి, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి కావాలి, పెద్ద కెపాసిటర్లు రెండు, అరచేయంత హీట్‌సింక్, ఇవన్నీ పట్టే ఇనుప క్యాబినెట్ కావాలి. బోర్డుకయ్యే డబ్బు కన్నా దాని చుట్టూ పెట్టేదే ఎక్కువ. పైగా 3116లో మనం 230 వోల్టుల జోలికి పోనక్కర్లేదు. ఇంటర్ చదివే పిల్లాడు అడిగితే ఇంకో మాట లేకుండా 3116 తీసుకోమంటాను. మే నెలలో పైఅంతస్తు గదిలో కూడా దాని చిన్న హీట్‌సింక్ గోరువెచ్చగానే ఉంటుంది. 7294ది వేలు పెట్టలేనంత వేడెక్కుతుంది.

ఇంతవరకు చదివితే 3116 గెలిచినట్టే. కానీ నేను చూసేది ఇంకొకటి. చేత్తో కట్టిన యాంప్లిఫయర్ ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. అప్పుడు ఎక్కడ పోయిందో ఇంట్లో కూర్చుని మనం కనిపెట్టగలమా?

ఇంటికొచ్చిన ఇద్దరి సంగతే చెప్తాను. మొదటివాడిది 3116. పాత డెక్ నుంచి ఊడదీసిన 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి బ్రిడ్జి, కెపాసిటర్ పెట్టి బోర్డుకి ఇచ్చాడు. “బోర్డు మీద 24 వోల్ట్స్ అనే రాసుంది కదన్నా” అన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసేది ఏసీ లెక్క. దాన్ని డీసీ చేస్తే 1.414 రెట్లు అవుతుంది, డయోడ్లు తినేది పోను 32 మిగులుతుంది. ఆ చిప్ 26 దాకా పనిచేయడానికి చేసినది, 30 దాటితే ప్రాణం మీదికొస్తుంది. నేను మీటర్ పట్టుకుని కూర్చున్నాను సరే, చేయగలిగింది ఏముంది? 32 కాళ్లు, కాలికీ కాలికీ మధ్య 0.65 మిల్లీమీటర్లు. మీటర్ సూది ఒకటి పెడితే రెండు కాళ్లకి తగులుతుంది. వేడి గాలి ఊది టంకం కరిగించే హాట్ ఎయిర్ మెషీన్ లేకుండా చిప్ మార్చలేం. అది చెత్తబుట్టకే పోయింది.

రెండోవాడిది 7294. ఆన్ చేస్తే పాట రాదు, అంతే. స్పీకర్ తీసేయించి కొలవడం మొదలుపెట్టాం. ప్లస్, మైనస్ సప్లైలు రెండూ సమానంగా ఉన్నాయి. 14వ కాలు దగ్గర, అంటే అవుట్‌పుట్ దగ్గర, డీసీ కొన్ని మిల్లీవోల్టులే. చిప్ బతికే ఉందన్నమాట. ఇక మిగిలింది 9, 10 కాళ్లు, స్టాండ్‌బై (చిప్‌ని నిద్రపుచ్చేది), మ్యూట్ (పాట ఆపేది). అవి 3.5 వోల్టులు దాటితేనే చిప్ నోరు విప్పుతుంది. పదో కాలు దగ్గర సున్నా. దానికి వచ్చే రెసిస్టర్ కాలు టంకం పట్టక ఊగుతోంది. చాయ్ చల్లారేలోపు పాట వచ్చింది. వాడు కాలిన బోర్డు అనుకుని తెచ్చింది అసలు కాలనే లేదు.

ఇదే నా లెక్క. 7294లో కాళ్లు పదిహేనే, అన్నీ కంటికి కనిపిస్తాయి, ఖాళీగా వదిలేసినవి పోను ఒక్కో కాలుకీ ఒక పని, ఆ పని జరుగుతోందో లేదో చవకరకం మీటర్ కూడా చెప్పేస్తుంది. చిప్ పోయినా మామూలు టంకం కడ్డీతో ఊడదీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు.

అలాగని 7294 సాధువేం కాదు. దాని వీపు మీది లోహపు పలక మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. నా మొదటి బోర్డుకి కరెంటు దాటకుండా ఆపే మైకా ముక్క, స్క్రూకి తొడిగే బుష్ పెట్టకుండా నేరుగా హీట్‌సింక్‌కి బిగించాను. హీట్‌సింక్ క్యాబినెట్‌కి, క్యాబినెట్ ఎర్త్‌కి. స్విచ్ వేయగానే ఠప్పుమంది. ఫ్యూజ్ పోయింది, బ్రిడ్జి పోయింది, మా ఆవిడకి నా మీదున్న నమ్మకం కూడా కొంత పోయింది. ఇప్పటికీ స్క్రూ బిగించాక వీపుకీ హీట్‌సింక్‌కీ మధ్య మీటర్ పెట్టి బీప్ రాలేదని చూసుకున్నాకే ముందుకు వెళ్తాను.

ఇక గుయ్యిమనే హమ్. లాప్‌టాప్ ఛార్జర్‌తో 3116 నడిపేవాళ్లకి ఈ బాధ తక్కువ, 7294 కట్టినవాళ్లలో సగం మంది ఇక్కడే విసుగెత్తి వదిలేస్తారు. వాల్యూమ్ కంట్రోల్ ఒంటిని వేలితో ముట్టుకుంటే హమ్ తగ్గిందా? దాని ఒంటికి గ్రౌండ్ వైరు వేయలేదన్నమాట. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా హమ్ అలాగే ఉందా? అయితే గ్రౌండ్ వైర్లు గొలుసులా ఒకదాని నుంచి ఒకదానికి వెళ్తున్నాయి. అన్నిటినీ రెండు కెపాసిటర్లు కలిసే చోటికి విడివిడిగా తీసుకురావాలి. నాకు ఇది అర్థం కావడానికి మూడు ఆదివారాలు పట్టింది. అటు 3116కీ తన రోగం తనకుంది. బ్లూటూత్ మాడ్యూల్‌కి అదే ఛార్జర్ నుంచి కరెంటు ఇస్తే పాట వెనక సన్నగా కీచుమంటూ ఉంటుంది. మాడ్యూల్‌కి వేరే సప్లై ఇస్తే పోతుంది.

నకిలీల సంగతి. షాపులో “ఒరిజినలా, కాపీయా భయ్యా?” అని వాళ్లే అడుగుతారు, అంతవరకు నిజాయితీపరులే. ఒరిజినల్ అన్నది ఒరిజినలో కాదో మాత్రం ఇంటికొచ్చాకే తెలుస్తుంది. అందుకే నేను 7294ని గరిష్ఠానికి తోలను. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ అడగకుండా 18-0-18 (మధ్య వైరుకి అటూ ఇటూ 18 వోల్టుల ఏసీ ఇచ్చేది) తెచ్చుకుంటాను. ప్లస్, మైనస్ 24 వోల్టులు వస్తాయి, 8 ఓమ్‌ల మీద పాతిక వాట్ల దాకా పలుకుతుంది, వేడి తగ్గుతుంది. రాత్రిపూట కరెంటు 250 వోల్టులకి ఎక్కినా భయం లేదు. కాపీ చిప్ కూడా ఈ వోల్టేజీలో ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది. మా హాల్లో ఇప్పుడు మోగుతున్నది అలాంటిదే.

మిగతావాటి గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. 4440 బోర్డు ఛానల్‌కి 6 వాట్లే, 12 వోల్టుల బ్యాటరీ మీద నడపాలంటే సరే. ఎల్‌ఎం3886 మంచి చిప్, 7294 గురించి రాసినవాటిలో, కాళ్ల నంబర్లు తప్ప, చాలావరకు దానికీ వర్తిస్తాయి, అసలుది దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి. 5200, 1943 ట్రాన్సిస్టర్ల బోర్డులు గణేశ్ మండపాలకి. ప్రీసెట్ అనే చిన్న స్క్రూ తిప్పి బయాస్ కరెంటు (పాట లేనప్పుడు ట్రాన్సిస్టర్లలో పారేది) సరిచేయడం రాకపోతే వాటి జోలికి వెళ్లొద్దు.

ఒక నిజం ఒప్పుకోవాలి. వంటింట్లో అమ్మ పొద్దున్నే సుప్రభాతం వినేది 3116 మీదే. పెట్టి రెండేళ్లయింది, ఒక్కసారి కూడా మూత విప్పలేదు.

7294 అనుకుంటే, కోఠీ నుంచి వచ్చేముందు పక్కనే ట్రూప్ బజార్‌లో ఒక హోల్డరు, 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు కూడా తెచ్చుకోండి. ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లే ఫేజ్ వైరులో దాన్ని సిరీస్‌గా పెట్టి మొదటిసారి స్విచ్ వేయండి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే కెపాసిటర్లు నిండాయి, బోర్డు బాగానే ఉంది. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్, వెంటనే ఆపేయండి, ఏదీ కాలదు. షాపువాళ్లు ఎల్‌ఈడీ బల్బు అంటగట్టాలని చూస్తారు, దీనికి అది పనికిరాదు. రెండు మూడు షాపులు తిరిగితే లోపల అటక మీద నుంచి దుమ్ము దులిపి ఒకటి ఇస్తారు.