బీడీ మాన్పించడానికి బహుమతి మేలా, డిపాజిట్ మేలా?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీల చేత బీడీ మాన్పించడానికి పైసల ఆశ చూపాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, మానినవాళ్లకు మిల్లు యజమాని బహుమతి ఇవ్వడం. రెండు, మానాలనుకున్నవాళ్లు సొంత పైసలే డిపాజిట్ కట్టి, మళ్లీ తాగితే పోగొట్టుకోవడం.

ఈ రెండింటినీ అమెరికాలో ఒక పెద్ద మందుల దుకాణాల సంస్థలో పోల్చి చూసి, 2015లో ఫలితాలు ప్రకటించారు. ఒకదాంట్లో మానితే 800 డాలర్లు. రెండోదాంట్లో 150 ముందు కట్టాలి, మానితే దానికి 650 కలిపి ఇస్తారు. బహుమతికి నూటికి 90 మంది ఒప్పుకుంటే, డిపాజిట్‌కు 14 మందే. ఆరు నెలలు మానగలిగినవాళ్లు బహుమతి వైపు 16 శాతం, డిపాజిట్ వైపు 10, పైసల ఊసు లేకుండా మామూలు సాయం అందినవాళ్లలో 6. కానీ ఒక సంగతి మరవద్దు: డిపాజిట్ కట్టడానికి సిద్ధపడే రకం మనుషుల మీద బహుమతి కంటే డిపాజిట్టే గట్టిగా పనిచేసింది.

అయినా నా ఓటు బహుమతికే. లారీ దించి బస్తాలకు ఆనుకుని కూర్చున్నప్పుడు ఒకరు చెవి మీది బీడీ తీసి వెలిగిస్తే, ఆ నిప్పుతోనే పక్కవాళ్లవీ అంటుకుంటాయి. అలాంటి చోట పది రోజులు ఆపుకోవడమే గొప్ప. బస్తా లెక్కన కూలి తీసుకునే మనిషి ఒక్క బలహీన ఘడియకు పిల్లల ఫీజు పైసలు పోగొట్టుకుంటే అది మందు కాదు, దెబ్బ మీద దెబ్బ. పైగా ఒకరు మానితే చాలదు, జట్టుగా మానాలి. థాయ్‌లాండ్ పల్లెల్లో ఇద్దరిద్దరిని జత చేసి, ఇద్దరూ మానితే అదనంగా ఇచ్చిన పథకం బాగా పనిచేసింది.

బహుమతిని దసరా బోనస్‌లా ఒక్కసారే ఇవ్వొద్దు. నెలకింత చొప్పున, ప్రతిసారీ పరీక్ష చేసి ఇవ్వాలి. ఊపిరి పరీక్ష ఒక్కరోజు ముచ్చటే చెప్తుంది. బీడీ మాని గుట్కా, ఖైనీ పట్టినవాళ్లను అసలే పట్టదు. మూత్రంలో కొటినిన్ (పొగాకులోని నికోటిన్ ఒంట్లో మారి అయ్యే పదార్థం) పరీక్షయితే నాలుగైదు రోజుల వెనకటిది కూడా, నమిలిందైనా, బయటపడుతుంది.

ఎవరైనా "నా పైసలు నేనే పెడతానన్నా" అంటే కాదనొద్దు. రెండు రోజుల కూలి మించకుండా కట్టించుకోవాలి. ఓడితే ఆ సొమ్ము హమాలీ సంఘానికి పోవాలి, యజమాని గల్లాలోకి కాదు. సలహా కోసం జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.