పాఠానికి నాలుగు నక్షత్రాలు, పుస్తకానికి ఒకటి

శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేస్తున్నాను. మాకు పని నేర్పడానికి వచ్చిన జపాన్ ఇంజినీరు ఒకరోజు ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చారు. నాకూ రెండు జపనీస్ ముక్కలు వచ్చని చూపించుకోవాలని "సముయి" అన్నాను. పాపం, ఆయన లేచి వెళ్లి ఏసీ ఆపేశారు. బయట ఏప్రిల్ ఎండ.

ఆ తప్పులో సగం, తిరుపతిలో నేను చేరిన జపనీస్ తరగతి వారి పుస్తకానిది. సముయి, త్సుమెతాయి రెండింటికీ ఎదురుగా 'కోల్డ్' అనే అచ్చేశారు. మొదటిది చలి, రెండోది ముట్టుకుంటే తెలిసే చల్లదనం. తెలుగులో రాసి ఉంటే మా అవ్వకైనా తేడా చెప్పనక్కరలేదు.

తరగతి బాలాజీ కాలనీలో ఒక మేడమీద ఆదివారాలు నడుస్తుంది. మూడు నెలలకు 9,000 రూపాయలు. గది ఇరుకు, బండి పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. మేడం మాత్రం మంచి టీచరు. ఇనె, కొమె, గొహాన్ మూడింటికీ పుస్తకంలో 'రైస్' అని చూసి శ్రీకాళహస్తి నుంచి వచ్చే రైతుబిడ్డ ఒకడు నవ్వేశాడు. "పొలంలో వరి, బస్తాలో బియ్యం, కంచంలో అన్నం. మనకే మూడు పేర్లుంటే ఇంగ్లీషు ఎందుకు మేడం?" ఆమె చిన్నబుచ్చుకోలేదు. బోర్డు తుడిచి తెలుగులో రాశారు. అక్కకు అనె, చెల్లెలికి ఇమోతో అనడమూ అప్పుడే సులువైంది.

అలాగని తెలుగు అన్నిచోట్లా ఆదుకోదు. సాయంత్రం కొండ వైపు నుంచి వీచే హాయైన గాలికి సుజుషీ అనాలి. మనం దాన్నీ చల్లగా ఉందనే అంటాం. 'తెలియదు'తో మరీ ప్రమాదం. వచ్చే ఆదివారం వస్తావా అని మేడం అడిగితే, షిఫ్టు ఖరారు కాక "శిరిమసెన్" అన్నాను. సొంత సంగతి అడిగినప్పుడు అలా అంటే "నాకేం తెలుసు" అన్నంత పెడసరంగా ఉంటుందట. "మదా వకరిమసెన్", అంటే ఇంకా తేలలేదు అనాలి. ఈ ఒక్క ముక్కకే ఫీజు గిట్టింది.

వినికిడి సాధన వారానికి పది నిమిషాలే. డిసెంబరులో చెన్నై వెళ్లి జపనీస్ భాషా పరీక్షల్లో మొదటి మెట్టైన ఎన్5 రాయాలి. 180కి 80 వస్తే చాలదు, వినికిడిలో 60కి 19 కన్నా తగ్గకూడదు. దాని పై మెట్టు ఎన్4 తరగతికి ఇప్పుడే డబ్బు కట్టమంటున్నారు. దిద్దిన పుస్తకం చేతికిచ్చాకే కడతానన్నాను.