జెర్మేనియం ఫజ్ పెడల్ కిట్లు కొనేవాళ్ళకు హెచ్చరిక: పొట్లం మీది అంకెను నమ్మకండి

ఎలక్ట్రిక్ గిటారుకు పాతకాలపు ఫజ్ పెడల్ (గిటారు మోతను గరగరలాడించే, కాలితో నొక్కే పెట్టె) సొంతంగా చేసుకుందామని ఆన్‌లైన్‌లో కిట్ల కోసం వెతుకుతున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మనవాళ్ళు మరీ ముఖ్యంగా. ఇక్కడ చర్చి బృందాల్లో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వాయించే కుర్రాళ్ళకు కొదవ లేదు. కానీ ఇలాంటి విడిభాగాలు కావాలంటే కొరియరే దిక్కు. దూరంనుంచి కొనేవాడు వాపసు కోసం ఎంతదాకా వెంటపడతాడులే అన్న ధీమా అమ్మేవాళ్ళకు ఉంది.

నేను తెప్పించింది 1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ విడుదల చేసిన ఫజ్ ఫేస్ నమూనా కిట్. ధర 2,400 రూపాయలు. ఆ సర్క్యూట్‌లో ఉన్నదే కాస్త: రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పొటెన్షియోమీటర్లు. ట్రాన్సిస్టర్లు తప్ప మిగిలినవన్నీ చవగ్గా దొరికేవే. అంటే మనం డబ్బు పోసేది ఆ రెండు జెర్మేనియం (ఇప్పటి సిలికాన్‌కు ముందు వాడిన పదార్థం) ట్రాన్సిస్టర్లకే. మోసమూ అక్కడే జరుగుతోంది.

పొట్లం మీద పెన్నుతో ‘ఏసీ128, జత కుదిర్చినవి, 75, 120’ అని రాసి ఉంది. ఏసీ128 అంటే ఒక జెర్మేనియం ట్రాన్సిస్టర్ రకం. మొదటి ట్రాన్సిస్టర్ గెయిన్ (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె) 70, 80 మధ్య, రెండోదాని గెయిన్ 110, 130 మధ్య ఉంటే ఫజ్ ఫేస్ బాగా పలుకుతుందని ఈ పని తెలిసినవాళ్ళు చెబుతారు. కొనేవాడికి ఏ అంకెలు చూస్తే నోరూరుతుందో సరిగ్గా అవే రాశారన్నమాట.

75 అని రాసినదాన్ని ముందు మల్టీమీటర్ డయోడ్ రేంజిలో పెట్టాను. ట్రాన్సిస్టర్‌కు ఉండే మూడు కాళ్ళు బేస్, ఎమిటర్, కలెక్టర్. వాటిలో బేస్, ఎమిటర్ల మధ్య 0.66 వోల్టులు చూపింది. జెర్మేనియం అయితే 0.2, 0.3 దగ్గర ఆగాలి. 0.6 దాటిందంటే అది సిలికాన్, ఇక వాదన లేదు. దూదికి స్పిరిట్ అద్ది ట్రాన్సిస్టర్ డబ్బా మీద రుద్దితే ‘ఏసీ128’ అన్న తెల్ల అక్షరాలు దూదికి అంటుకుని వచ్చేశాయి, వాటి కింద వేరే అచ్చు తాలూకు గీతలు కనిపించాయి. అసలు సరుకు మీది పాత అచ్చు కూడా స్పిరిట్‌కు చెరిగిపోవచ్చు కనుక దూదిని మాత్రమే సాక్ష్యంగా పట్టుకోకండి. మీటరు మాట వినండి.

120 అని రాసినది నిజంగా జెర్మేనియమే. అసలు కిటుకు దానిలోనే ఉంది. మామూలు మల్టీమీటర్ గెయిన్ చూసేటప్పుడు బేస్‌కు సుమారు 10 మైక్రో ఆంపియర్లు ఇచ్చి, కలెక్టర్‌లో ఎంత ప్రవహించిందో లెక్కగట్టి అంకె చూపిస్తుంది. సిలికాన్‌కు ఆ పద్ధతి సరిపోతుంది. జెర్మేనియం మాత్రం బేస్‌కు ఏమీ ఇవ్వకపోయినా, కట్టేసిన తర్వాత కూడా కారే పాత కుళాయిలాగా, కొంత కరెంటు వదులుతూనే ఉంటుంది. మీటరుకు ఆ తేడా తెలియదు. లీకేజీని కూడా గెయిన్ ఖాతాలోనే జమ వేస్తుంది. అందుకే బాగా లీకయ్యే నాసి సరుకుకే పెద్ద అంకె వస్తుంది!

సరైన పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. 9 వోల్టుల బ్యాటరీ పాజిటివ్‌ను ఎమిటర్‌కు కలపండి. కలెక్టర్‌నుంచి నెగెటివ్‌కు 2.2 కిలో ఓమ్‌లు, 270 ఓమ్‌లు వరుసగా వేసి, ఆ రెండింటి మీద కలిపి వోల్టేజి చూడండి. బేస్‌ను గాలిలో వదిలేసినప్పుడు వచ్చేదంతా లీకేజీయే. 0.25 వోల్టుల లోపు ఉంటే మేలు, 0.5 దాటితే పక్కన పెట్టేయవచ్చు. తర్వాత బేస్‌నుంచి నెగెటివ్‌కు 2.2 మెగా ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తే అంకె పెరుగుతుంది. ఆ పెరిగినదాన్ని వందతో గుణిస్తే నిజమైన గెయిన్. నాకు వచ్చినది బేస్ లేకుండానే 1.48 చూపింది, బేస్ తగిలించాక 2.08. అంటే గెయిన్ 60. పొట్లం మీది 120లో సగం లీకేజీ సొమ్ము.

ఇదంతా చల్లటి పూట సంగతి. వేళ్ళతో ముట్టుకుంటే చాలు, ఒంటి వేడికే మీటరు మీద అంకె పైకి పాకుతుంది. పట్టుకున్న చేత్తో కొలవకండి, చల్లారనివ్వండి. జెర్మేనియం లీకేజీ సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. ఏసీ గదిలో 20 డిగ్రీల దగ్గర పరీక్షించిన ముక్క మన వైశాఖ మాసపు 40 డిగ్రీల్లో నాలుగింతలు లీకవుతుంది. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర 4.5 వోల్టులు వచ్చేట్టు పొద్దున సరిచేసుకున్నా, మధ్యాహ్నానికి అది అక్కడ ఉండదు.

ఇంకో మాట. ఈ నమూనా పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్లతో పాజిటివ్ గ్రౌండ్ మీద, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసను గ్రౌండ్‌కు కలిపి నడుస్తుంది. మిగతా పెడల్స్ సాధారణంగా దీనికి తిరగేసి నడుస్తాయి. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ తగిలిస్తే షార్ట్ అవుతుంది. కిట్‌తో అడాప్టర్ సాకెట్ ఇచ్చారు, ఈ హెచ్చరిక మాత్రం ఎక్కడా ఇవ్వలేదు. దీనికి బ్యాటరీయే వాడండి.

అమ్మినవాళ్ళకు కొలతల ఫోటోలు పంపితే ‘పాత సరుకు సార్, ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటుంది’ అన్నారు. సిలికాన్ సంగతి నిలదీస్తే ‘కాళ్ళు వంచిన సరుకు వాపసు తీసుకోం’ అన్నారు. కాళ్ళు వంచకుండా ఎవరైనా ఎలా పరీక్షిస్తారో వాళ్ళే చెప్పాలి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. పొట్లం విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి.

జెర్మేనియమే కావాలనుకుంటే మన ఊళ్ళలో పాత రేడియోలు బాగుచేసే పెద్దవాళ్ళను అడగండి. నాకు తెలిసిన ఒకాయన ‘ఇవి ఎవరడుగుతారు బాబూ’ అంటూ పాడైన రేడియో బోర్డులున్న రేకు డబ్బా నా ముందు పెట్టారు. అక్కడే కొలిచి, నచ్చినవే తెచ్చుకున్నాను. వేసవిలో కూడా వేదిక ఎక్కేవాళ్ళయితే బీసీ108 సిలికాన్‌తో చేసుకోండి. ఫజ్ ఫేస్‌లోనే తర్వాత ఆ ట్రాన్సిస్టర్ వాడారు. మోత కాస్త పదునుగా ఉంటుంది, ఎండకు మాత్రం చలించదు. అది ఎన్‌పీఎన్ (పీఎన్‌పీకి తిరగేసిన రకం) కాబట్టి కెపాసిటర్లను, బ్యాటరీని తిప్పి పెట్టడం మరవకండి.