మిస్సమ్మ: ఇన్నేళ్ళు చూశాక

1955 జనవరి 12న వచ్చిన సినిమాకి ఇప్పుడు సమీక్ష ఏమిటని మావారు నవ్వారు. మిక్సీ కొన్న మర్నాడే అయిదు నక్షత్రాలు ఇచ్చేసేవాళ్ళు ఉన్నారు. పెళ్ళికి ముందు నుంచీ చూస్తున్న సినిమా గురించి నాలుగు మాటలు రాసే హక్కు నాకు లేదా? దూరదర్శన్‌లో మధ్యలో వార్తలు వస్తుంటే చూశాను, వీసీడీల్లో చూశాను, డీవీడీలో చూశాను, ఇప్పుడు యూట్యూబ్‌లో చూస్తున్నాను. కొన్ని సినిమాలు రెండోసారికే చప్పబడతాయి. ఇది ఇంకా చప్పబడలేదు. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. అప్పారావుపేటలో జమీందారు గోపాలం గారి బడికి పంతుళ్ళు కావాలి. ఇద్దరూ డిగ్రీ చదివిన భార్యాభర్తలై ఉండాలని షరతు. మద్రాసులో ఉద్యోగం లేక తిరుగుతున్న ఎం.టి.రావు, అప్పు తీర్చలేక ఇబ్బంది పడుతున్న క్రైస్తవుల అమ్మాయి మేరీ, ఆ ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాల్లా నాటకమాడుతూ ఆ ఊళ్ళో దిగుతారు. జమీందారు గారి పెద్దమ్మాయి మహాలక్ష్మి చిన్నప్పుడే తప్పిపోయింది. ఆమె ఆచూకీ తీస్తానంటూ మేనల్లుడు రాజు డిటెక్టివ్ వేషాలు వేస్తుంటాడు. తర్వాత ఏం జరుగుతుందో మొదటి అరగంటలోనే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. అయినా మూడు గంటల సినిమా కదలకుండా కూర్చోబెడుతుంది.

నా మటుకు నాకు కూర్చోబెట్టేది మేరీగా సావిత్రి కోపం. పాత సినిమాల్లో హీరోయిన్‌కి ఏడుపు ఉంటుంది, సిగ్గు ఉంటుంది, అలక ఉంటుంది. అలక వేరు, కోపం వేరు. అలిగినమ్మాయి బుజ్జగింపు కోసం చూస్తుంది. మేరీకి ఆ ఆశే లేదు, ఆమెకి నిజంగానే ఒళ్ళు మండుతోంది. అప్పుందని అబద్ధం ఆడాల్సి వచ్చింది. తనది కాని మతంలో గృహిణిలా నటించాల్సి వచ్చింది. పైగా పక్కనున్న మనిషికి ఇదంతా సరదాగా ఉన్నట్టుంది. ఆ చిరాకుని సావిత్రి ఎక్కడా అందంగా చేసి చూపించదు. జమీందారు దంపతులు చూస్తున్నంతసేపూ మొహం మీద ఒక మర్యాద ఉంటుంది. వాళ్ళు అటు తిరగ్గానే మూతి బిగుసుకుంటుంది, మాట పొట్టిదైపోతుంది. ఈ మార్పు ఆమె ఎంత వేగంగా చేస్తుందంటే, మొదట్లో నేను మాటలే వింటూ అది గమనించలేదు. ఇప్పుడు మాటలు కంఠతా వచ్చేశాయి కాబట్టి టీవీ సౌండ్ తగ్గించి ఆమె మొహమే చూస్తుంటాను. అప్పుడు ఇంకా బాగుంటుంది.

ఈ పాత్ర నిజానికి భానుమతి గారిది. కొన్ని రీళ్ళు తీశాక నిర్మాత చక్రపాణి గారికీ ఆమెకీ మాట తేడా వచ్చి పాత్ర చేతులు మారింది. తీసిన రీళ్ళు తగలబెట్టారని కూడా చెబుతారు. జమీందారు గారి రెండో అమ్మాయి సీత వేషానికి అనుకున్న సావిత్రి మేరీ అయింది, సీత వేషం జమునకి వెళ్ళింది. భానుమతి చేసి ఉంటే ఎలా ఉండేదని మా ఇంట్లో ఇప్పటికీ వాదన నడుస్తుంది. ఆమె కోపం చూసి ఊరంతా భయపడేదని మా అత్తయ్య అంటారు. నాకైతే అలాంటి మేరీ మీద జాలి కలిగేది కాదేమో అనిపిస్తుంది. సావిత్రి కోపం వెనకాల ఎక్కడో కాస్త బెదురు ఉంటుంది. 'దేవదాసు'లో పార్వతిగా కంటతడి పెట్టించిన రెండేళ్ళకే ఈ వేషం వేసిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇక రామారావు. 'పాతాళభైరవి' తోటరాముడు ఇక్కడ కత్తి పట్టడు, డైలాగు దంచడు. చొక్కా వేసుకుని, చిన్నగా నవ్వుతూ, తిట్లు తింటూ ఉంటాడు, అంతే. సన్నివేశమంతా సావిత్రికి వదిలేసి పక్కన నిలబడటం అంత పేరున్న హీరోకి మామూలు విషయం కాదు. ఏ.ఎం.రాజా గొంతు ఆయనకి ఇంత బాగా అతకడానికి కారణం కూడా అదే అనుకుంటాను. ఘంటసాల గొంతులో ఉండే గాంభీర్యం ఈ రావుకి ఎక్కువైపోయేది. అక్కినేని మరో విడ్డూరం. 'దేవదాసు' తర్వాత ఏడుపు వేషాలకే తనని కట్టేస్తారేమోనని ఈ హాస్యపాత్ర కావాలని తీసుకున్నాడట. రాజు చేసే డిటెక్టివ్ పని అంతా హడావుడే, బుర్ర తక్కువ. కానీ ఆ పిచ్చి హడావుడే చివరికి కథని ఒడ్డున పడేస్తుంది. రేలంగి, రమణారెడ్డి, పంతులుగా అల్లు రామలింగయ్య ఎక్కడికక్కడ సరిపోయారు. ఎస్.వి.రంగారావు గురించి ఒక్క మాట: ఆయన గోపాలం మంచివాడు, గట్టిగా మాట్లాడతాడు, ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. ఇంత పెద్ద మనిషి అంత తేలిగ్గా నమ్మేస్తుంటే, ఆయన్ని మోసం చేస్తున్నామన్న ఇబ్బంది మేరీతో పాటు మనకీ పట్టుకుంటుంది.

పాటల గురించి కొత్తగా చెప్పేదేముంది. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, పింగళి సాహిత్యం. నేను చెప్పదలచుకున్నది ఒకటే: ఇందులో పాట వచ్చినప్పుడు కథ ఆగదు. 'రావోయి చందమామ' చూడండి. మిగతా సినిమాల్లో వెన్నెల్లో యుగళగీతమంటే ప్రేమ పాట. ఇక్కడ వీళ్ళిద్దరూ చంద్రుణ్ణి పంచాయితీకి పిలిచి ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. ఎవరి మతం వాళ్ళదేనన్న మాట కూడా అందులోనే, నవ్వుతూ నవ్వుతూ వచ్చేస్తుంది. 'ఏమిటో ఈ మాయ'లో మేరీ ఒంటరిగా మళ్ళీ ఆ చంద్రుడినే అడుగుతుంది, ఈసారి గొడవ తన మనసుతో. 'చందమామ' పత్రిక పెట్టినాయన సినిమా కాబట్టి చంద్రుడికి ఇంత పని పడిందేమో! ఛాయాగ్రహణం మార్కస్ బార్‌ట్‌లీ. 'పాతాళభైరవి', తర్వాత 'మాయాబజార్', మలయాళంలో 'చెమ్మీన్' తీసిన చెయ్యి. ఆ వెన్నెల ఎంత మెత్తగా ఉంటుందో మంచి కాపీలో చూస్తేనే తెలుస్తుంది.

అసలు తిప్పలన్నీ కాపీలతోనే.

టీవీ ఛానల్లో చూడటం నేను ఎప్పుడో మానేశాను. ప్రకటనలకి చోటు కోసం పాటలు ఎగరగొడతారు, కింద స్క్రోలింగు, మూలన లోగో. వీసీడీ రోజుల్లో ఒక్కో డిస్కులో గంట పైచిలుకు మాత్రమే పట్టేది కాబట్టి సినిమా మూడు ముక్కలయ్యేది. మాట సగంలో తెగిపోయేది, లేచి డిస్కు మార్చాలి. అదైనా ఓర్చుకోవచ్చు గానీ, రాత్రి సీను వస్తే ఆకాశమంతా గళ్ళు గళ్ళుగా విడిపోయేది. బార్‌ట్‌లీ వెన్నెలకి అంతకంటే అవమానం లేదు. డీవీడీ వచ్చాక బొమ్మ తేరుకుంది. మేము కొన్నదాంట్లో మాత్రం మధ్యలో ఒకచోట మాట ముందు, పెదాలు వెనక. కొట్టువాడికి చెబితే పాత సినిమాలంతే మేడమ్ అన్నాడు. కంపెనీ పేరు ఎందుకులెండి.

ఇప్పుడు యూట్యూబ్‌లో వెతికేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. ఒకటి, భూమిక నటించిన 2003 నాటి 'మిస్సమ్మ' కూడా వస్తుంది. అదీ బాగానే ఉంటుంది గానీ ఇది కాదు, పక్కన 1955 అని కొట్టండి. రెండోది ముఖ్యమైనది. అప్పటి సినిమాల ఫ్రేము దాదాపు చతురస్రానికి దగ్గరగా ఉండేది. ఇప్పటి టీవీలు వెడల్పు. తెర నిండాలని కొందరు బొమ్మని అడ్డంగా సాగదీసి పెడతారు, దాంతో సావిత్రికి కూడా రంగారావు బుగ్గలు వస్తాయి. ఇంకొందరు పైనా కిందా కోసేస్తారు, తలలూ పాదాలూ పోతాయి. తప్పిపోయిన పిల్లకి గుర్తు కుడి పాదం మీద పుట్టుమచ్చ అయిన సినిమాలో పాదాలు కోసేస్తే ఎలా అండీ? రెండు పక్కలా నల్ల పట్టీలు ఉన్న కాపీయే అసలైన కాపీ. అది దొరికాక కూడా రిమోట్‌లో పిక్చర్ సైజు జూమ్‌లోనో 4:3లోనో ఉందేమో చూసి మామూలు 16:9కి మార్చండి, పట్టీలున్న బొమ్మని 4:3లో పెడితే మనుషులు సన్నగా నొక్కుకుపోతారు. బొమ్మని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఏదైనా ఆన్‌లో ఉంటే తీసేయండి, లేకపోతే అందరూ సీరియల్ నటుల్లా కదులుతారు. సౌండ్ కూడా సరౌండ్ మోడ్ వద్దు. ఒకే ట్రాక్‌లో రికార్డు చేసిన పాటని నాలుగు వైపులకీ చిమ్మితే పి.లీల గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. మామూలు స్టాండర్డ్ మోడ్‌లో పెట్టుకుంటే చాలు.

అంతా మెచ్చుకోలేనా అంటే, కాదు. టీచరుగా పనిచేసినదాన్ని కాబట్టి నాకు మొదటి ఫిర్యాదు బడి గురించి. ఉద్యోగం కోసమే ఇంత నాటకం ఆడినవాళ్ళు సినిమా సాగేకొద్దీ పాఠం చెప్పడం కంటే సంగీతం నేర్పడం, అసూయపడటం మీదే ఎక్కువ కాలం గడుపుతారు. మధ్యలో ఒక పావుగంట, సీత సంగీతం చుట్టూ తిరిగే చోట, కాస్త సాగుతుంది కూడా. 'బృందావనమది అందరిది' లాంటి పాట ఉంది కాబట్టి గట్టెక్కింది.

పెద్ద ఫిర్యాదు ముగింపుతో. క్రైస్తవురాలిగా పెరిగిన అమ్మాయి, హిందూ అబ్బాయి, ఇద్దరి మధ్యా నిజమైన ఇష్టం పుట్టింది. 1955లో ఇంత దూరం తీసుకొచ్చిన రచయిత చివర్లో ఏం చేశాడు? మేరీయే ఆ మహాలక్ష్మి అని తేల్చేశాడు. చిక్కుముడి విప్పలేదు, అసలు ముడే లేదనేశాడు. ఏళ్ళ తరబడి నేనూ దీన్ని హాయిగా మింగేశాను. 'మహానటి' చూసొచ్చిన ఊపులో మా అమ్మాయి కూడా మాతో కూర్చుని 'మిస్సమ్మ' చూసినప్పుడు తగువు మొదలైంది. శుభం కార్డు పడగానే మా అత్తయ్య తృప్తిగా, "ముందే మన పిల్లని తెలిసుంటే ఇంత గోల ఉండేది కాదు" అన్నారు.

"అంటే నాయనమ్మా, తెలియకపోతే పెళ్ళి చేసేవాళ్ళు కాదా?"

"ఆ రోజుల్లో ఎలా చేస్తారే?"

"మరి ఆ రావుకి తేడా తెలియలేదుగా. ఆయన మేరీనే ఇష్టపడ్డాడుగా!"

అత్తయ్య దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. మతాన్ని ఎక్కడా వెక్కిరించలేదు, 'కరుణించు మేరీమాత' పాటని ఎంతో గౌరవంగా తీశారు, ఇవన్నీ నేను చెప్పి చూశాను. అయినా అమ్మాయి అడిగినదే సరైన ప్రశ్న. కథకి మూలం బెంగాలీ నాటకం, దాన్ని చక్రపాణి మనవాళ్ళకి తగ్గట్టు మలిచాడు. అప్పటి ప్రేక్షకుడిని ఎక్కడిదాకా నడిపించవచ్చో ఆయనకి బాగా తెలుసు. సరిగ్గా అక్కడే ఆగిపోయాడు. ఇప్పుడు చూస్తే ఆ ఆగిపోయిన చోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అందుకే అయిదుకి అయిదు ఇవ్వను, నాలుగున్నర.

వీలైతే తమిళ 'మిస్సియమ్మ' కూడా చూడండి. రెండూ ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలోనే, ఒకేసారి తయారై, ఆ సంక్రాంతికే రెండు రోజుల తేడాలో వచ్చాయి. సావిత్రి ఉంది, రామారావు బదులు జెమినీ గణేశన్. డిటెక్టివ్‌గా తంగవేలు హాస్యం అక్కినేనికి భిన్నంగా ఉంటుంది. ఆయన నవ్వించే మనిషని మనకి ముందే తెలుసు, అక్కినేని మాత్రం మనం ఊహించని చోట నవ్విస్తాడు. 1957లో ప్రసాద్ గారే హిందీలో 'మిస్ మేరీ' తీశారు. అందులో మీనాకుమారి మేరీ, కిశోర్ కుమార్ డిటెక్టివ్, సీతగా మళ్ళీ మన జమునే. మన బృందావనం పాట వరసే అక్కడా వినిపిస్తుంది. మీనాకుమారి కోప్పడితే మాత్రం ఇప్పుడే ఏడ్చేస్తుందేమో అనిపిస్తుంది నాకు. ఆ వేషానికి అది సరిపోలేదు.

కొత్తవాళ్ళకి చూపించాలంటే మూడు గంటలని ముందే చెప్పి భయపెట్టకండి. 'ఖుషి'లో పవన్ కల్యాణ్ పాడుకున్న 'ఆడువారి మాటలకు' అసలు పాట చూపిస్తాం రమ్మని పిలవండి. మా అక్క కొడుకు అలాగే వచ్చి కూర్చున్నాడు. పాట అయిపోయాక లేస్తాడనుకున్నాం. "పిన్నీ, ఇంతకీ ఈవిడకి అంత కోపమెందుకు?" అని అడిగాడు. సినిమా మళ్ళీ మొదటి నుంచి పెట్టాం.