ఆన్-ఇయర్ హెడ్‌ఫోన్స్‌కి మెమరీ ఫోమ్ ప్యాడ్లు: చెవి నొప్పి తగ్గిందా?

తగ్గింది, కానీ ప్యాడ్లు మార్చినంత మాత్రాన పూర్తిగా పోలేదు. ఆన్-ఇయర్ అంటే చెవి చుట్టూ కాకుండా చెవి మీదే కూర్చుంటుంది కదా, బ్యాండ్ బిగువంతా నేరుగా చెవి మీదే పడుతుంది, కళ్లజోడు ఉంటే దాని కాడ కూడా మధ్యలో నలిగి ఇంకా నొప్పి. పాత ప్యాడ్ల స్పాంజి అణిగి గట్టిపడింది, అందుకే ఇవి తెప్పించా. ఒంటి వేడికి మెత్తబడి చెవి ఆకారానికి సర్దుకుంటున్నాయి, ఒత్తిడి ఒక్కచోటే కాకుండా అంతటా పరుచుకుంటోంది. ఈ తేడా నిజంగా తెలుస్తుంది.

చిక్కల్లా మందం. ప్యాడ్ లావైతే బ్యాండ్ ఇంకా విచ్చుకోవాలి, అంటే బిగువు పెరుగుతుంది. దానికి రాత్రంతా హెడ్‌ఫోన్స్‌ని తల కంటే కాస్త వెడల్పున్న పుస్తకాల దొంతరకి తొడిగి ఉంచా, బాగానే వదులైంది. లోహపు బ్యాండ్ అయితే కొంచెం కొంచెంగా చేత్తో వంచొచ్చు, ప్లాస్టిక్‌ది మాత్రం దయచేసి వంచకండి, విరుగుతుంది. 1984లో కాస్ కంపెనీ తెచ్చిన పోర్టా ప్రో అనే ఆన్-ఇయర్ హెడ్‌ఫోన్స్‌లోనే బిగువు మార్చుకునే స్విచ్, చెవికి కాస్త పైన తలకి ఆనే చిన్న మెత్తలు ఉన్నాయి, ఇంత మంచి ఆలోచనని మిగతా కంపెనీలు ఎందుకు పట్టించుకోలేదో!

సౌండ్ కూడా మారింది. స్పీకర్ చెవికి దూరం జరగడంతో బాస్ కాస్త తగ్గింది. లెదర్ లాంటి పైపొర ఉన్నవైతే చెవికి అతుక్కుని బాస్ బాగా నిలుపుతాయి గానీ చెమట పడుతుంది, నేను తీసుకున్న గుడ్డవి గాలాడతాయి, నాకదే ముఖ్యం.

కొనేముందు పాత ప్యాడ్ అడ్డకొలత స్కేలుతో కొలుచుకోండి. 5కి 4 ఇస్తా.