రా ఫైళ్లలో గళ్లు, చారలు, రంగుల అలలు: రాథెరపీ ఎంతవరకు పనికొస్తుంది?

పట్టుచీర జరీ అంచు మీద ఆకుపచ్చ, గులాబీ అలలు తేలుతాయి. నున్నటి ఆకాశంలో చిక్కుదారుల్లాంటి సన్నటి గళ్లు కనిపిస్తాయి. నీడల్లో అడ్డచారలు వస్తాయి. చూడటానికి ఒకే జబ్బులా ఉన్నా ఒక్కోదానికి కారణం వేరు, మందు వేరు. రా ఫైళ్లను ఫొటోలుగా మార్చే రాథెరపీ (RawTherapee) సాఫ్ట్‌వేర్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. కెమెరా సెన్సర్ రాసిన ముడి డేటా, అంటే రా ఫైల్, రంగుల ఫొటోగా మారే క్రమంలో ఒక్కో దశనూ విడివిడిగా మన చేతికిస్తుంది. పైగా ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది. బేయర్ అమరికలో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. లేని రెండు రంగులను చుట్టుపక్కల పిక్సెళ్లను బట్టి లెక్కగట్టడమే డీమొజాయికింగ్. ఆ అంచనా తప్పినచోటే ఈ గళ్లూ అలలూ చాలావరకు పుడతాయి.

ఏ స్లైడర్‌నూ కదపకముందు జెడ్ కీ నొక్కి 100 శాతం జూమ్‌లో చూడండి. 33 శాతంలో కనిపించిన అలలు 100 శాతంలో మాయమైతే, అవి ప్రివ్యూను కుదించడం వల్ల వచ్చినవే. ఫైల్‌లో ఏ లోపమూ లేదు. తర్వాత అదనపు సర్దుబాట్లేవీ లేని న్యూట్రల్ ప్రొఫైల్ పెట్టండి. దానితో షార్పెనింగ్ ఆగిపోతుంది. అప్పటికీ గళ్లు మిగిలితేనే డీమొజాయికింగ్‌ను అనుమానించాలి. చాలామంది ఈ రెండు పనులూ చేయకుండా నాయిస్ (ఫొటోలోని గరుకు చుక్కలు) తగ్గించే నాయిస్ రిడక్షన్‌ను పెంచేసి, గళ్లతోపాటు చర్మం మీది వివరాన్నీ తుడిచేస్తారు.

చిక్కుదారి గళ్ల సంగతి చూద్దాం. ఎరుపు వరుసలో ఉన్న ఆకుపచ్చ పిక్సెల్, నీలం వరుసలో ఉన్న ఆకుపచ్చ పిక్సెల్ ఒకే వెలుగుకు ఒకే విలువ ఇవ్వాలి. కొన్ని సెన్సర్లలో పక్క పిక్సెళ్ల ప్రభావంతో ఆ రెండింటికీ కాస్త తేడా వస్తుంది. రెండూ సమానమేనని నమ్మే ఎమేజ్ (AMaZE) అనే డీమొజాయికింగ్ పద్ధతి ఆ తేడాను నిజమైన అంచుగా పొరబడి గళ్లు గీస్తుంది. పరీక్ష చాలా తేలిక. రా ట్యాబ్‌లో డీమొజాయికింగ్ పద్ధతిని ఎమేజ్ నుంచి వీఎన్‌జీ4కి మార్చండి. ఇది రెండు ఆకుపచ్చలనూ వేర్వేరు రంగులుగా లెక్కిస్తుంది కాబట్టి, గళ్లు పోతే కారణం దొరికినట్టే. మళ్లీ ఎమేజ్‌కి వచ్చి, ప్రీప్రాసెసింగ్‌లోని గ్రీన్ ఈక్విలిబ్రేషన్‌ను సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచండి. గళ్లు పోయిన చోటే ఆపాలి. ఇంకా పెంచితే నిజమైన సన్నటి నేత కూడా చదునైపోతుంది. డార్క్‌టేబుల్ అనే మరో రా కన్వర్టర్‌లోనూ ఆకుపచ్చలను సరిచేసే ఏర్పాటు ఉంది. అడోబీ లైట్‌రూమ్‌లో మాత్రం ఇలా ఎంచుకునేందుకు పద్ధతుల జాబితా ఉండదు.

హై ఐఎస్ఓ ఫొటోల్లో గళ్లకు మూలం వేరు. అక్కడ నాయిస్‌నే ఎమేజ్ వివరమనుకుంటుంది. దాని బదులు ఎల్ఎంఎంఎస్ఈ గానీ ఐజీవీ గానీ, ఈ రెండు డీమొజాయికింగ్ పద్ధతుల్లో ఒకటి వాడండి. ఒకే ఫొటోలో ఒకవైపు గోపురం శిల్పాలు, మరోవైపు ఖాళీ ఆకాశం ఉంటే ఎమేజ్+వీఎన్‌జీ4 జంటను మించింది లేదు. వివరమున్న చోట మొదటిదాన్నీ, నున్నటి చోట రెండోదాన్నీ అదే వాడుకుంటుంది. క్యాప్చర్ షార్పెనింగ్ ఆన్ చేసి ఉంటే దాని కాంట్రాస్ట్ థ్రెషోల్డ్ సున్నాలో లేకుండా చూసుకోండి. లేకపోతే ఆకాశంలోని నాయిస్ కూడా పదునెక్కుతుంది.

జరీ మీద అలలు మొయిరే. నేత సన్నదనం సెన్సర్ పట్టగలిగే హద్దు దాటినప్పుడు వస్తుంది. మరీ సన్నటి వివరాన్ని సెన్సర్ ముందే కాస్త మసక చేసే లో పాస్ ఫిల్టర్ లేని కెమెరాల్లో ఈ బెడద ఎక్కువ. డీమొజాయికింగ్ విభాగంలోని ఫాల్స్ కలర్ సప్రెషన్ స్టెప్స్‌ను రెండు, మూడుకు పెంచితే రంగు అలలు బాగా తగ్గుతాయి. అది రంగును మాత్రమే ముట్టుకుంటుంది, వెలుగు జోలికి పోదు. అందుకే వెలుగునీడలుగా పడిన అలలు అలాగే ఉండిపోతాయి. ఐదు దాకా లాగితే సన్నటి రంగు దారాలు పక్కవాటిలో కలిసిపోతాయి, ఇకత్ చీరల్లో ఇది వెంటనే తెలుస్తుంది. అందుకే మొయిరేను ఫొటో తీసేటప్పుడే ఆపడం మేలు: ఒక అడుగు ముందుకో వెనక్కో జరగండి, లేదా ఎపర్చర్‌ను ఎఫ్/11, ఎఫ్/16కు మూసి డిఫ్రాక్షన్ వల్ల వచ్చే స్వల్ప మసకను ఆసరా చేసుకోండి.

ఎదురు వెలుగులో కొన్ని సోనీ మిర్రర్‌లెస్ ఫైళ్లలో వచ్చే సన్నటి అడ్డచారలకు పీడీఏఎఫ్ లైన్స్ ఫిల్టర్ ఉంది. సెన్సర్ మీది ఫోకస్ పిక్సెళ్ల వరుసలే వాటికి కారణం. ఫంక్షన్ హాలు ఎల్ఈడీల కింద వచ్చే వెడల్పాటి పట్టీలు మాత్రం దీనితో పోవు. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. మెకానికల్ షట్టర్‌తో, 1/50 లేదా 1/100 వేగంతో తీయడమే దారి. ఫొటో తీశాక ఏ కన్వర్టరూ వాటిని శుభ్రంగా తీసేయలేదు.

ఫుజీ ఎక్స్-ట్రాన్స్ అమరిక 6×6. అందులోని 36 పిక్సెళ్లలో 20 ఆకుపచ్చవి. ఆకులు, గడ్డి పురుగుల్లా మెలికలు తిరిగి కనిపిస్తే త్రీ-పాస్ మార్కెస్టైన్ పద్ధతి ఎంచుకుని షార్పెనింగ్ తగ్గించండి. హై ఐఎస్ఓలో వన్-పాస్ సరిపోతుంది, పనీ త్వరగా అవుతుంది. ఫుజీ జీఎఫ్ఎక్స్ కెమెరాల ఫైళ్లకు ఇవేవీ వర్తించవు, వాటిది బేయర్ అమరికే.

లోపాలూ తక్కువేం కాదు. కొత్తవాళ్లకు ప్యానెళ్లు చూస్తేనే తల తిరుగుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో 100 శాతం ప్రివ్యూ నెమ్మది. పెళ్లి ఆల్బమ్ మొత్తాన్ని దీనిలో నడపమని ఎవరికీ చెప్పలేం. లైట్‌రూమ్‌లోలాగా అంచు మీద మాత్రమే రుద్దే మొయిరే బ్రష్ లేకపోవడం నిజమైన వెలితి. 5.9 నుంచి వచ్చిన లోకల్ అడ్జస్ట్‌మెంట్స్‌లో స్పాట్ పెట్టి, ఆ భాగంలో రంగు నాయిస్ తగ్గించుకోవచ్చు గానీ చీర కుచ్చిళ్ల వెంట దాన్ని సర్దడం విసుగు పని. అలాంటి ఫొటోను రెండుసార్లు, ఫాల్స్ కలర్ సున్నాలో ఒకటి, నాలుగులో ఒకటి, 16 బిట్ టిఫ్‌గా ఎగుమతి చేయండి. గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో రెండింటినీ లేయర్లుగా పేర్చి, జరీ ఉన్నంత మేరకు మాస్క్ గీస్తే సరిపోతుంది.