'సార్జంట్ పెప్పర్స్' మొదటి ముద్రణ అంటూ అమ్మే ఎల్పీలతో జాగ్రత్త

బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' పాత ఎల్పీ కొనాలనుకునేవాళ్ళు డబ్బు పంపే ముందు ఇది చదవండి. '1967 మోనో, ఇంగ్లండ్ మొదటి ముద్రణ' (మోనో అంటే ధ్వని అంతా ఒకే దారిలో వచ్చేది, స్టీరియో అంటే రెండు దారుల్లో వచ్చేది) అని ఆన్‌లైన్‌లో పెట్టి, ఇంటికి మాత్రం డెబ్బైల నాటి స్టీరియో రికార్డు పంపుతున్నారు. నిలదీస్తే 'లేబుల్ మీద 1967 అని ఉంది కదండీ' అంటారు. ఉంటుంది. అది ఆల్బమ్ తొలిసారి వెలువడిన ఏడాది, చేతిలో ఉన్న డిస్కు తయారైన ఏడాది కాదు. తర్వాతి ముద్రణల మీదా అదే అంకె వేస్తూ వచ్చారు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

బ్రిటిష్ మోనో నంబరు పీఎంసీ 7027, స్టీరియోది పీసీఎస్ 7027. అప్పటి లేబుల్ నలుపు, దాని మీద రికార్డు సంస్థ పార్లఫోన్ పేరు పసుపు రంగులో ఉంటుంది. వెండి రంగు అక్షరాలతో, డబ్బాలో ఈఎంఐ (పార్లఫోన్ మాతృ సంస్థ) గుర్తుతో ఉన్న లేబుల్ కనిపిస్తే అది 1967 ముద్రణ కాదు. అలాగని పసుపు పేరు చూసి నమ్మేయకండి. 2014లో వచ్చిన 180 గ్రాముల మోనో ముద్రణకూ అలాంటి లేబులే వేశారు.

అందుకే లేబుల్‌కీ చివరి గాడికీ మధ్యనున్న నున్నటి భాగాన్ని వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఫోటో తీసి పంపమనండి. 1967 మోనోలో ఒకవైపు ఎక్స్‌ఈఎక్స్ 637, రెండోవైపు ఎక్స్‌ఈఎక్స్ 638 అని ఉంటుంది. స్టీరియో అయితే వైఈఎక్స్. ఆ అంకె పక్కన గీత పెట్టి 1 ఉంటే మొదటి కటింగ్, అంటే ముద్రణకు మూలమైన డిస్కు మీద గాళ్ళు తొలిసారి చెక్కినది అని అర్థం. ఈ ఫోటో పంపడానికి సాకులు చెప్పేవాళ్ళ దగ్గర కొనొద్దు.

చెవితో కూడా పట్టుకోవచ్చు. 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' మోనోలో కాస్త వేగంగా, పై శ్రుతిలో నడుస్తుంది. మోనో అని చెప్పిన కాపీలో ఆ పాట నిదానంగా సాగుతుంటే, అమ్మేవాళ్ళ మాట అబద్ధమే.

పాత అట్టలో వేరే డిస్కు పెట్టడం ఇంకో మాయ. తొలి కాపీల్లో ఎరుపు, తెలుపు అలల డిజైన్‌తో లోపలి కవరు ఉండేది. మీసం, బ్యాడ్జీలు, చారలు కత్తిరించుకునే కార్డు కూడా వచ్చేది. కార్డు కత్తిరించి ఉంటే ధర తగ్గాలి. అట్ట మీది ప్రముఖుల గుంపులో గాంధీ ఉన్న 'అరుదైన ఒరిజినల్' అంటే అసలు నమ్మకండి. ఇండియాలో జనం నొచ్చుకుంటారని ఈఎంఐ అభ్యంతరం చెప్పడంతో, అచ్చుకు వెళ్ళకముందే ఆ బొమ్మ తీసేశారు.

డిస్కు ఎలా ఉందో చూపించే వీడియోలో మొదటి పాట వినిపిస్తారు. అది హోరుగా ఉంటుంది, అందులో చిటపటలు తెలియవు. ఆఖరి పాట 'ఎ డే ఇన్ ద లైఫ్' చివర పియానోల మీద ఒకేసారి మోగే స్వరాలను పూర్తిగా వినిపించమనండి. దాదాపు 40 సెకన్లు సన్నగిల్లుతూ పోయే ఆ నాదంలో ప్రతి గీతా, ప్రతి దుమ్ము రేణువూ బయటపడుతుంది. ఆ తర్వాత ముల్లు చివరి గాడిలోకి దిగి అర్థంకాని మాటలు తిరుగుతూ వినిపించాలి. అమెరికన్ సంస్థ క్యాపిటల్ వేసిన తొలి ముద్రణలో అవి లేవు. కాబట్టి బ్రిటిష్ కాపీ అన్నదాంట్లో అవి వినిపించకపోతే అక్కడితో బేరం ఆపేయండి.

కొన్నాక డిస్కును అట్టలోంచి బయటికి తీసి, వెనకాల విడిగా పెట్టి ప్యాక్ చేయమనండి. లోపలే ఉంచితే దారిలో అట్ట అంచు చీలిపోతుంది. పార్సిల్ టేపు కోసే దగ్గర్నుంచి నున్నటి భాగంలోని అంకెలు కనిపించేదాకా వీడియో ఆపకుండా తీయండి. డబ్బు వెనక్కి అడగాలంటే చూపించాల్సింది అదే.